బస్తా లేని పెట్టె

ఆమెను అందరూ క్యాసెట్టమ్మ అంటారు. జీతాల పుస్తకంలో ఆమెకు వేరే పేరుంది కానీ, ఆ పేరుతో పిలిస్తే ఆమే తిరిగి చూడదు. వయసు యాభై ఏడు. మనిషి పొట్టి, నడక వడి, కోపం ముక్కు మీదే ఉంటుంది. చూపులేని వాళ్ళ కోసం పెట్టిన వినే పుస్తకాల లైబ్రరీలో ముప్పై ఒక్క ఏళ్ళుగా అరలు చూసుకునే ఉద్యోగం ఆమెది.

లైబ్రరీ అనగానే పెద్ద భవనం ఊహించుకోనక్కర్లేదు. కింద టైర్ల దుకాణం, పైన మూడు గదులు, అంతే. మొదటి గదిలో కౌంటరు. రెండో గదిలో నేల నుంచి కప్పు దాకా క్యాసెట్ల అరలు. మూడో గది గోడలకు పాత పరుపులు కొట్టి ఉంటాయి, వీధిలోని హారన్ల మోత లోపలికి రాకుండా. మంచి గొంతున్న వాళ్ళు వారానికోసారి వచ్చి ఆ పరుపుల గదిలో కూర్చుని పుస్తకం పైకి చదువుతారు. అది క్యాసెట్లకెక్కుతుంది. వాటికి నకళ్ళు తీసి శ్రోతల ఇళ్ళకు పంపుతారు. చదివినందుకు ఎవరికీ ఏమీ ముట్టదు, టైర్ల వాసన మాత్రం అందరికీ ఉచితం.

ఆ మేడ మీద రెండు పద్ధతులున్నాయి. మొదటిది చదివే వాళ్ళకు. క్యాసెట్టు ఏ వైపు తిప్పినా ముందు ఆ వైపేదో చెప్పి కానీ పుస్తకం మొదలుపెట్టకూడదు. 'ఇది మూడో క్యాసెట్టు, రెండో వైపు, నూట నాలుగో పేజీ' అనాలి. పైన అంటించిన చీటీ చూసుకోలేని మనిషికి తానెక్కడున్నాడో చెవికే తెలియాలి కదా. రెండోది నెల బస్తా. ఏ వస్తువైనా పనికిరాదని తేలితే దాన్ని అప్పటికప్పుడు పారేయకూడదు. తలుపు వెనక గోనెబస్తా ఉంటుంది, అందులో వేయాలి. ముప్పై రోజులు ఆగాలి. ఆ తర్వాతే పాత సామాన్లవాడికి ఇవ్వాలి. మొదటి సెక్రటరీ గారు ఒకసారి తన పింఛను కాగితాలను చిత్తుకాగితాలతో కలిపి వదిలించుకున్నాక పెట్టిన నియమం అది. ఇన్నేళ్ళలో క్యాసెట్టమ్మ ఆ బస్తాలోంచి రెండు నవలలు, ఒక కళ్ళజోడు, ఎవరిదో టిఫిను డబ్బా మూత వెనక్కి తీసింది.

ఆ అలవాటు ఎంతగా పట్టిందంటే ఇంట్లో కూడా తలుపు వెనక ఓ బస్తా పెట్టుకుంది. భర్త కుట్టుమిషన్లు బాగుచేసే మేస్త్రి. "ఆఫీసు జబ్బు ఇంటికి తెచ్చావు," అని ఆయన సణుగుతూనే అరిగిన చక్రాలూ విరిగిన సూదులూ అందులోనే వేస్తాడు. తీరా ఏదో మిషనుకు పాత చక్రమే కావలసి వచ్చినప్పుడు చప్పుడు చేయకుండా బస్తా దగ్గర కూర్చుని వెతుక్కుంటాడు. ఆమె చూడనట్టు నటిస్తుంది. వాళ్ళ కాపురం హాయిగా సాగడానికి ఇలాంటివే కారణాలు.

క్యాసెట్టు తిరిగివ్వడం ఆలస్యమైతే మాత్రం ఆమె చేతిలో ఎవరికైనా మూడినట్టే. పోస్టుకార్డు రాసి పడేస్తుంది. చూపులేని శ్రోతకు ఆ కార్డు ఇంట్లో ఎవరో ఒకరు పైకి చదివి వినిపించాలి కాబట్టి, తిట్లు ఇంటిల్లిపాదికీ తగిలేవి. మూడోరోజుకల్లా క్యాసెట్లు వచ్చి పడేవి. ఆమె కార్డులకు లొంగని మొండిఘటం ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కడే. అతను ఆపరేటరు.

ఆపరేటరుకు పుట్టుకతోనే చూపు లేదు. ఇరవై ఏళ్ళు టెలిఫోను ఎక్స్ఛేంజీలో లైన్లు కలిపాడు. ఆ ఎక్స్ఛేంజీ మూతపడ్డాక రెండేళ్ళు ఇంట్లో కూర్చుని, ఆ తర్వాత ఈ లైబ్రరీలోనే ఉద్యోగంలో చేరాడు. మనిషి నెమ్మదస్తుడు, మాటకారి. క్యాసెట్టమ్మను అక్కా అంటాడు, ఆమె అతన్ని తమ్ముడూ అంటుంది. ఇద్దరికీ ఒక్క విషయంలోనే పడదు. పదకొండేళ్ళ కిందట, అతనింకా శ్రోతగా ఉన్న రోజుల్లో, ఎనిమిది క్యాసెట్ల నవల ఒకటి తీసుకున్నాడు. అది తిరిగి రాలేదని ఆమె అంటుంది. ఎప్పుడో ఇచ్చేశానని అతనంటాడు. అతని కార్డుకు ఆమె ఎర్రదారం కట్టి పెట్టింది. ఏటా అరల తనిఖీ రోజున ఆ కార్డు బయటికి తీస్తుంది, ఏటా అతను "నీ లెక్కే తప్పక్కా" అంటాడు, మధ్యాహ్నం దాకా మాటలుండవు. టీ రాగానే మామూలే.

రెండేళ్ళ కిందట అరల గది గోడకు చెమ్మ పట్టింది. క్యాసెట్లు బూజెక్కడం మొదలైంది. బూజు పట్టిన టేపు ఒక్కసారి తిప్పితే చాలు, పొడి పొడిగా రాలిపోతుంది. ఆ ఒక్కసారిలోనే దాన్ని కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి. అందుకోసం ఏదో ఆఫీసు వాళ్ళు వద్దనుకుని దానమిచ్చిన పాత పెట్టె ఒకటి వచ్చింది. బొమ్మలు నొక్కే పద్ధతి పెడితే ఆ పెట్టెకు ఆయాసం వచ్చి ఆగిపోయేది. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, మనం కొట్టే మాటలు, అలాగైతేనే అది నడిచేది. ఆపరేటరుకు అదే కావాలి. బొమ్మలతో అతనికేం పని? తెర మీది ప్రతి అక్షరాన్నీ ఆ పెట్టె అతనికి గడగడా చదివి వినిపించేది. ఆ వేగం వింటే క్యాసెట్టమ్మకు కళ్ళు తిరిగేవి.

"నాకింక మూడేళ్ళే సర్వీసు. నన్నొదిలెయ్ తమ్ముడూ," అందామె.

"టేపులు నువ్వు చూడాలి, బూజు నువ్వు తుడవాలి, ఏ పుస్తకం ఎవరు చదివారో నీకే తెలుసు. నువ్వు రాకపోతే ఇదంతా ఎవడో కుర్రాడి చేతిలో పెడతారు. నీ ఇష్టం," అన్నాడతను.

ఆ మాట పనిచేసింది. తన అరల్లో ఎవడో చెయ్యి పెట్టడమా! మర్నాడే కొత్త నోటుపుస్తకం కొనుక్కుని వచ్చి అతని పక్కన కుర్చీ వేసుకుంది.

ఆపరేటరు చెప్పిన మొదటి పాఠం ఆమెకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"నువ్వు గదిలోకి వస్తే ఒక్క చూపుతో అన్నీ చూసేస్తావు అక్కా. నేను అలా కాదు కదా. ముందు నేనెక్కడ నిలబడ్డానో తెలుసుకుంటాను. తర్వాత చుట్టూ ఏముందో తడుముతాను. అప్పుడే అడుగేస్తాను. ఈ పెట్టె ముందు నువ్వూ నేనూ ఒకటే. అడిగితేనే చెబుతుంది, అడక్కపోతే నోరు విప్పదు. ఎక్కడున్నానో అడగాలంటే పీడబ్ల్యూడీ అని కొట్టు."

ఆమె చూపుడువేలుతో ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టింది. తెర మీద ఒక వరస వచ్చింది. ఇల్లు, ఆ తర్వాత ఓ అడ్డగీత, లైబ్రరీ, ఇంకో గీత, పుస్తకాలు.

"ఓస్, ఇంతేనా! మూడో క్యాసెట్టు, రెండో వైపు అన్నట్టే కదా!"

ఆపరేటరు బల్ల మీద చరిచి నవ్వాడు. "సెక్రటరీ గారికి ఇది చెప్పడానికి నాకు వారం పట్టింది!"

ఎల్ఎస్ కొడితే ఆ చోట ఏమేమున్నాయో వరసగా చెబుతుంది. సీడీ కొట్టి పేరు చెబితే ఆ అరలోకి అడుగేస్తుంది. సీడీ పక్కన రెండు చుక్కలు పెడితే వచ్చిన దారినే ఒక అడుగు వెనక్కి వస్తుంది. ఎంకేడీఐఆర్ అంటే కొత్త అర కొట్టించడం. వడ్రంగి అక్కర్లేదు, మేకులక్కర్లేదు, రేపు రేపు అని తిప్పించుకోవడం లేదు. ఆ ఒక్క మాటకే ఆమె ఆ పెట్టెకు దాసోహమైపోయింది. సీపీ అంటే నకలు తీయడం. ఎంవీ అంటే ఒకచోటి నుంచి తీసి ఇంకోచోట పెట్టడం. పేరు మార్చాలన్నా అదే మాట.

"చోటు మార్చినా పేరు మార్చినా ఒకటే మాటట, విచిత్రం కాకపోతే!" అంది ఆ సాయంత్రం భర్తతో.

"ఏముంది విచిత్రం? పెళ్ళిలో నీకు రెండూ ఒకేసారి చేశారుగా," అన్నాడాయన, సూదికి దారం ఎక్కిస్తూ.

అన్నీ ఆమె తన మాటల్లో నోటుపుస్తకంలోకి ఎక్కించుకునేది. ఆపరేటరు చెబుతుంటే రాసుకోవడమే. ఒకరోజు అతను, "ఆర్ఎం అంటే తీసేయడం. దాని పక్కన నక్షత్రం గుర్తు పెడితే ఆ అరలో ఉన్నవన్నీ తీసేస్తుంది. జాగ్రత్త," అన్నాడు. ఆమె రాసుకుంది: 'ఆర్ఎం: తీసి బస్తాలో వేయడం. నక్షత్రం పెడితే అన్నీ.' ఇందులో ఆమె తప్పేముంది? ముప్పై ఏళ్ళుగా ఆ మేడ మీద తీసేయడమంటే బస్తాలో వేయడమే. ఇంత తెలివైన పెట్టెకు ఓ బస్తా ఉండదని ఎవరనుకుంటారు? ఆమె రాసింది ఆపరేటరుకు కనపడదు. అందులో తప్పుందని ఆమెకూ తెలియదు.

ఏడాదిన్నర గడిచింది. నాలుగు వందల పుస్తకాలు పెట్టెలోకి చేరాయి. ఆమె ఇప్పుడు రెండు చేతులతో టకటకా కొడుతుంది. పొద్దున్నే వచ్చి, టైర్ల దుకాణం షట్టరు పైకి లేచే చప్పుడు వింటూ, పెట్టె ముందు కూర్చుని 'ఎక్కడున్నాను?' అని అడగడం ఆమెకెంతో ఇష్టమైన పని. ఈ వయసులో ఒక కొత్త విద్య పట్టుబడిందన్న సంతోషం ఆమె నడకలోనే కనిపించేది.

అలాంటి రోజుల్లో టీచరమ్మ వచ్చింది.

టీచరమ్మ ఒకప్పుడు బడిలో భాష చెప్పేది. ఏడాది పాటు ప్రతి ఆదివారం వచ్చి ఆ పరుపుల గదిలో కూర్చుని ఒక నవల చదివింది, నది మీద పడవ నడుపుకునే ఓ కుటుంబం కథ. ఆమె గొంతంటే శ్రోతలు చెవి కోసుకునేవారు. ఐదేళ్ళ కిందట గొంతులో గడ్డ లేచింది. ఆపరేషను చేశారు. ప్రాణం దక్కింది, గొంతు పోయింది. ఇప్పుడు మాట పెదవుల మీదే ఆడుతుంది, చప్పుడు రాదు. కొత్తవాళ్ళతో అయితే చీటీలు రాస్తుంది. ఆ రోజు కౌంటరు మీద పెట్టిన చీటీలో ఇలా ఉంది:

'అమ్మాయ్, నా ఆపరేషను, నా మనవరాలి పుట్టుక ఒకే ఏడాది. అది నా పెదవులు చూసే నా మాట అర్థం చేసుకుంటుంది. నా గొంతు ఒక్కసారీ వినలేదు. ఇంట్లో ఫోటోలు పెట్టెలకొద్దీ ఉన్నాయి, నా మాట ఒక్కటీ ఎవరూ దాచలేదు. వచ్చే గురువారం దాన్ని తీసుకొస్తాను. నేను చదివిన పుస్తకం కాస్త వినిపిస్తావా?'

"అయ్యో, తప్పకుండా అమ్మా! మీ పుస్తకం భద్రంగా ఉంది. పదహారు వైపులూ నేనే ఎక్కించాను," అంది క్యాసెట్టమ్మ. టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఊపి వెళ్ళిపోయింది.

అది శుక్రవారం. సాయంత్రం క్యాసెట్టమ్మ టీచరమ్మ అరలోకి అడుగేసి పదహారు ఫైళ్ళూ ఉన్నాయో లేదో చూసుకుంది. ఉన్నాయి. ఇంతలో ఫోను మోగింది. పార్సిలు చిరిగి వచ్చిందని ఓ శ్రోత ఒంటికాలి మీద లేచాడు. ఆమె తగ్గే మనిషా? ఇరవై నిమిషాలు ఆ వాదన సాగింది. ఫోను పెట్టేసి, మొహం కడుక్కుని వచ్చి, ఆ రోజు మిగిలిన పని గుర్తుచేసుకుంది. పరీక్ష కోసం రికార్డు చేసిన పనికిరాని ముక్కలు వేరే అరలో ఉన్నాయి, వాటిని తీసేయాలి. తాను ఆ అరలోనే ఉన్నాననుకుంది. ఎక్కడున్నానని అడగలేదు. అడిగితే ఒక్క క్షణం పట్టేది. ఆర్ఎం, పక్కన నక్షత్రం. పెట్టె కిక్కురుమనలేదు. ఆమె సంచీ తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది.

శనివారం మరో మూడు పుస్తకాలు ఎక్కించింది. సోమవారం పొద్దున్న, గురువారానికి ఏ భాగం బాగుంటుందో చూద్దామని టీచరమ్మ అరలోకి వెళ్ళి ఎల్ఎస్ కొట్టింది. పెట్టె ఏమీ చెప్పకుండా కింది వరుసకు దిగింది. మళ్ళీ కొట్టింది. మళ్ళీ అంతే. ఏం జరిగిందో ఆమెకు వెంటనే అర్థమైంది. నాలుక కరుచుకుంది కానీ భయపడలేదు. చిత్రమేమిటంటే కాస్త నవ్వుకుంది కూడా.

"పప్పులో కాలేశాను తమ్ముడూ. టీచరమ్మ పుస్తకం తీసేశాను. బస్తాలోంచి ఎలా తీయాలో చెప్పు," అంది.

"ఏ బస్తా?"

"ఈ పెట్టె బస్తా. ముప్పై రోజులు కాలేదులే, మొన్న శుక్రవారమేగా."

ఆపరేటరు చేతులు కీల మీద ఆగిపోయాయి. "అక్కా," అన్నాడు, "దీనికి బస్తా లేదు."

ఆమె నోటుపుస్తకం తీసి, తాను రాసుకున్న వాక్యం చూసుకుని, దాన్ని పైకి చదివింది.

"తప్పు నాదే. నీ పుస్తకం ఒక్కసారైనా చదివించుకుని వినాల్సింది," అన్నాడు.

ఆ రోజంతా అతను ఆ పెట్టెతో కుస్తీ పట్టాడు. తీసేసిన వెంటనే పెట్టెను ఆపి ఉంటే ఏమైనా దొరికేదేమో. శనివారం ఎక్కించిన మూడు పుస్తకాలు ఆ చోటంతా తొక్కేశాయి. రెండో నకలు ఉంచడానికి ఇంకో డిస్కు కావాలన్న కాగితం నాలుగు నెలలుగా సెక్రటరీ గారి బల్ల మీద సంతకం కోసం ఎదురుచూస్తోంది. అసలు క్యాసెట్లు బూజుపట్టి, ఎక్కించేటప్పుడే రాలిపోయి, నెల బస్తాలో ముప్పై రోజులూ ఉండి, పద్ధతి ప్రకారం ఎప్పుడో వెళ్ళిపోయాయి. సాయంత్రానికి ఆపరేటరు చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. ఏదో అనబోయి నీళ్ళు నమిలాడు. కర్ర తీసుకుని ఇంటికి వెళ్ళాడు.

ఆమె ఇంట్లో ముద్ద ముట్టలేదు. ఊరందరికీ కార్డులు రాసి దులిపేసే మనిషి, టీచరమ్మకు ఒక కార్డు రాద్దామని కూర్చుంది. 'అమ్మా, క్షమించండి' దగ్గరే కలం ఆగిపోయింది. రెండు కార్డులు చింపి మూడోది తీసింది. చింపిన ముక్కలు తలుపు వెనక బస్తాలో వేయబోయి, ఆ బస్తాను చూడగానే ఏడుపు ముంచుకొచ్చింది. ఆ పసిదానికి అమ్మమ్మ గొంతు ఇక ఈ జన్మలో వినపడదు, అదీ తన చేతుల మీదుగా. భర్త వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఆమె మొహం మీదే చెప్పేయ్. కార్డు ఎందుకు? నీ కార్డులు చూస్తే జనం హడలిపోతారు," అన్నాడు. ఏడుస్తూనే ఆమెకు నవ్వొచ్చింది.

మంగళవారం పొద్దున్నే వెళ్ళి నకళ్ళ రిజిస్టరు తీసింది. టీచరమ్మ నవలకు ఐదు నకళ్ళు తీశారు. నాలుగు తిరిగొచ్చాయి. తిరిగొచ్చిన టేపుల మీద వేరే పుస్తకాలు ఎక్కించడం లైబ్రరీ అలవాటు కాబట్టి ఆ నాలుగూ ఎప్పుడో చెరిగిపోయాయి. ఐదోదాని ఎదురుగా ఉన్న కార్డు నంబరు మీద ఆమె వేలు ఆగింది. ఆ నంబరు ఆమెకు చూడక్కర్లేకుండానే తెలుసు. డ్రాయరు లాగి ఎర్రదారం కట్టిన కార్డు తీసి ముందు పెట్టుకుంది. పదకొండేళ్ళుగా ఎనిమిది క్యాసెట్లు, ఎనిమిది క్యాసెట్లు అని అరుస్తూ వచ్చింది కానీ అది ఏ పుస్తకమో ఎప్పుడో మర్చిపోయింది.

తలుపు దగ్గర కర్ర చప్పుడైంది. ఆపరేటరు వచ్చాడు. భుజాన గుడ్డసంచీ ఉంది. ఆమె నోరు తెరిచే లోపే సంచీని కౌంటరు మీద పెట్టాడు.

"కోప్పడకక్కా."

ఆమె సంచీలో చెయ్యి పెట్టింది. ఎనిమిది డబ్బాలు. ప్రతిదాని మీదా తన చేతిరాతే.

"ఇచ్చేశానన్నావు!"

"అన్నాను."

"నా లెక్క తప్పన్నావు!"

"అన్నాను."

"సెక్రటరీ గారి ముందు ఒట్టు కూడా పెట్టావు!"

"పెట్టాను. దేని మీద పెట్టానో ఆయన అడగలేదు."

ఆమె డబ్బాలు ఒక్కొక్కటే బయటికి తీసి లెక్కపెట్టింది. అతనే చెప్పుకొచ్చాడు. ఎక్స్ఛేంజీ మూసేశాక అతనికి నిద్ర కరువైంది. ఇరవై ఏళ్ళు చెవుల నిండా జనం మాట్లాడిన మనిషికి ఆ నిశ్శబ్దం భరించరానిదైంది. టీచరమ్మ గొంతు పెట్టుకుంటే కన్ను మూతపడేది. మొదట నెలరోజులు ఉంచుకుందామనుకున్నాడు. తర్వాత ఏడాదైంది. తర్వాత ఈ లైబ్రరీలోనే ఉద్యోగం వచ్చింది, ఇక ఏ మొహం పెట్టుకుని తెచ్చిస్తాడు?

"మూడో క్యాసెట్టు దాటి ఎప్పుడూ వినలేదక్కా, ఈలోపే నిద్రపోయేవాణ్ణి. కథలో ఆఖరికి ఏమవుతుందో నాకిప్పటికీ తెలీదు. నిన్న సాయంత్రమే చెబుదామనుకున్నాను, నోరు రాలేదు."

క్యాసెట్టమ్మ ముందుగా ఎర్రదారం విప్పింది. కార్డు మీద ఆ రోజు తేదీ ముద్ర గట్టిగా కొట్టింది. అప్పుడు కళ్ళు తుడుచుకుంది.

చివరి ఐదు క్యాసెట్లూ కొత్తవాటిలా ఉన్నాయి. మొదటిది మాత్రం పదకొండేళ్ళు తిరిగి తిరిగి అరిగిపోయింది, ఒకచోట టేపు నలిగి ఉంది. ఉన్న ఒక్క మంచి ప్లేయరు బెల్టు సరిగ్గా మధ్యాహ్నమే తెగింది. ఆమె ఫోను చేస్తే భర్త చేతిలో పని ఆపి వచ్చి, జేబులోంచి కుట్టుమిషను రబ్బరు రింగు తీసి, సాగదీసి బిగించాడు. ప్లేయరు నడిచింది. "ఎక్కడిదీ రింగు?" అంటే, "మన బస్తాలోది," అన్నాడు. బుధవారం సాయంత్రానికి పదహారు వైపులూ పెట్టెలోకి చేరాయి. ప్రతి వైపుకీ ముందు ఆమె ఎక్కడున్నానని అడిగింది. తన నోటుపుస్తకంలో ఆ పాత వాక్యం మీద ఎర్రసిరాతో అడ్డంగా గీత గీసి, కింద 'దీనికి బస్తా లేదు' అని రాసింది. ఆ తర్వాత సెక్రటరీ గారి బల్ల దగ్గరికి వెళ్ళి, డిస్కు కాగితం మీద ఆయన సంతకం పెట్టేదాకా ఎదురుగా నిలబడింది.

గురువారం టీచరమ్మ వచ్చింది. చేయి పట్టుకుని ఐదేళ్ళ పిల్ల, రెండు జడలు, మోకాలి మీద దెబ్బకు పట్టీ. దాచే అవసరం లేకపోయినా క్యాసెట్టమ్మ జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పేసింది. టీచరమ్మ విని, చీటీ తీసి రాసింది. క్యాసెట్టమ్మ దాన్ని ఆపరేటరు కోసం పైకి చదివింది: 'పదకొండేళ్ళు నన్ను ఎవరో దాచుకున్నారా?'

ఆపరేటరు బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. టీచరమ్మ ఇంకో చీటీ రాసింది: 'మూడో క్యాసెట్టుకే నిద్రా? నా క్లాసులో అయితే బెంచీ ఎక్కించేదాన్ని.'

పరుపుల గదిలో అందరూ కూర్చున్నారు. క్యాసెట్టమ్మ ఫైలు మొదలుపెట్టింది. కాస్త గరగర, ఆ వెనకే గొంతు. "ఇది మొదటి క్యాసెట్టు, మొదటి వైపు, ఒకటో పేజీ. తెల్లవారేసరికి పడవ రేవులో లేదు."

పిల్ల స్పీకరు వైపు చూసింది. "ఎవరు?" అని అడిగింది. మీ అమ్మమ్మే అంటే నమ్మలేదు, నవ్వేసింది. అప్పుడు టీచరమ్మ పిల్లను తన వైపు తిప్పుకుంది. గొంతుతో పాటు పెదవులు కదపడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ళ కిందట ఎక్కడ ఆగిందో, ఎక్కడ ఊపిరి తీసుకుందో, అన్నీ ఆమెకు గుర్తే ఉన్నాయి. మాటకు మాట అతికినట్టు సరిపోయింది. పిల్ల నోరు తెరుచుకుని చూసింది. మెల్లగా చెయ్యి చాపి అమ్మమ్మ బుగ్గ మీద పెట్టింది.

"అమ్మమ్మా, ఇంత గట్టిగా మాట్లాడతావా నువ్వు!"

టీచరమ్మ ఆగలేదు. కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నా పెదవులు కథ వెంటే నడిచాయి. పడవవాడు రేవంతా వెతికాడు. మసక చీకట్లో పెళ్ళాం లాంతరు తెచ్చింది. ఇద్దరూ వంగి గుంజకున్న తాడు చూశారు. సరిగ్గా అక్కడ టేపు నలిగిన చోటు వచ్చింది. గొంతు ఒక్కసారిగా మాయమై గరగరే మిగిలింది. టీచరమ్మ పెదవులు మాత్రం ఆగలేదు.

ఆ చప్పుడులేని చోట పిల్ల పైకి అంది, ఇంట్లో అమ్మమ్మ పెదవులు చూసి ఆమె మాట అందరికీ చెప్పినట్టే, మామూలుగా: "తాడు తెగలేదు. ఎవరో విప్పారు."

గొంతు తిరిగొచ్చి కథ అందుకుంది. ఆపరేటరు కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. "మొదటి రోజే నా ప్లేయరు ఆ చోటు నమిలేసింది. ఆ ముక్క ఏమిటో పదకొండేళ్ళుగా నాకు తెలీదు," అన్నాడు గొణుగుతున్నట్టు. "ఎవరో విప్పారా!"

ఆ వైపు అయ్యాక క్యాసెట్టమ్మ పిల్లను మైకు ముందు కూర్చోబెట్టి, ఆ రెండు వాక్యాలూ మళ్ళీ చెప్పించుకుంది. ఎక్కడున్నానని పెట్టెను ఒకటికి రెండుసార్లు అడిగి, ఆపరేటరు చెవి సాయంతో వాటిని ఆ నలిగిన చోట అతికించింది. కొత్త డిస్కు వచ్చాక మూడు చోట్ల నకళ్ళు పెట్టింది. ఇప్పుడు ఆ నవల ఎవరు తెప్పించుకున్నా, పదకొండో పేజీ దగ్గర రెండు వాక్యాలు మాత్రం చిన్నపిల్ల గొంతుతో వినిపిస్తాయి. ఇంతవరకూ శ్రోతలెవరూ ఫిర్యాదు చేయలేదు.